తాడు పట్టిన బామ్మర్ది

నల్లమలలో పెద్ద తేనె పట్టు చేతికందే కొమ్మకు పట్టదు. నిలువునా కోసినట్టున్న కొండచరియ పొట్టకు వేలాడుతుంది. పైన బండ, కింద లోయ. చెట్టు నారతో పేనిన తాడు పట్టుకుని, పొగ పెట్టి ఈగల్ని లేపుతూ చెంచు మగవాడు పైనుంచి దిగుతాడు. అలా దిగేటప్పుడు తాడు పైకొస ఎవరి చేతిలో ఉండాలన్నది ఆషామాషీగా తేల్చే సంగతి కాదు. పాత కట్టుబాటు ప్రకారం దాన్ని పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ముల మధ్య ఏ పంతాలైనా ఉండొచ్చు గానీ, బామ్మర్ది తన అక్కనో చెల్లెనో విధవను చేసుకోడు కాబట్టి తాడు వదలడని దాని వెనకున్న లెక్క. నమ్మకాన్ని గుణం మీద ఆధారపెట్టకుండా వరస మీద ఆధారపెట్టిన లెక్క అది. పైనున్నవాడు మంచివాడో చెడ్డవాడో కిందివాడు ఆరా తీయనక్కర్లేదు, వాడు బామ్మర్ది అయితే చాలు. అహోబిలం నరసింహస్వామి చెంచుపిల్లను పెళ్లాడిన కథను స్థలపురాణాల వెలుగులో చూడడం మనకు అలవాటు. ఈ తాడు వెలుగులో చూస్తే ఆ కథ ఇంకో రకంగా కనబడుతుంది. నల్లమలలో గత నూటయాభై ఏళ్లలో ఏం పోయిందో కూడా అక్కడినుంచే అర్థమవుతుంది.

కథ అందరికీ తెలిసినదే. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రం చల్లారక స్వామి అడవిలో తిరుగుతుంటే, విల్లమ్ములతో ఒక చెంచిత ఎదురైంది. ఆయన సగం సింహం, సగం మనిషి, వైకుంఠంలో భార్య ఉన్నవాడు, గుళ్లో మడితో వండిన ప్రసాదం తినేవాడు. ఆమె గడ్డలు తవ్వుకుని, వేటాడి, తేనె పిండుకుని బతికే పిల్ల. ఇంత పొసగని జంట మన కథల్లో తక్కువ. స్వామి ప్రేమించానంటే ఆ పిల్లగానీ ఆమె తండ్రిగానీ వెంటనే తలూపలేదు. చెంచుల కథనాల్లో, జానపద నాటకాల్లో, అల్లుడు కాబోయేవాడు ముందు అడవి పనులు నేర్చుకోవాలి. గడ్డ తవ్వాలి, తేనె తేవాలి, వేటాడాలి, తెచ్చినదాన్ని కట్టుబాటు ప్రకారం పంచాలి. మూడు లోకాలు ఏలేవాడు తేనెటీగల ముందు తడబడుతుంటే జనం నవ్వుకోవడం ఈ కథకు ప్రాణం. ఓబయమంత్రి పేరిట ఉన్న గరుడాచల యక్షగానం నుంచి చెంచు నాటకాల దాకా ఆ నవ్వు వినబడుతూనే ఉంటుంది. అదే కథ 16వ శతాబ్దంలో అహోబిల మఠం ఏడవ జీయరు సంస్కృతంలో రాసిన ‘వాసంతికా పరిణయం’ నాటకంలోకి వెళ్లేసరికి పెళ్లికూతురు వాసంతిక అనే వనకన్య అయింది. పూలవాసన వచ్చి చేరింది, పొగవాసన పోయింది. తర్వాత 1943లో ఒకసారి, 1958లో అక్కినేని, అంజలీదేవిలతో మరోసారి ‘చెంచులక్ష్మి’ సినిమా అయింది. నాటకం మూలపడ్డా వేషం మాత్రం బడి వార్షికోత్సవాల్లో ఈకల కిరీటంతో బతికిపోయింది.

ఇంతకీ ఈ పెళ్లిని చెంచులు, వాళ్ల చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు దేనికి వాడుకున్నారు? అన్నాళ్లూ ఎందుకు పట్టుకుని వేలాడారు? ప్రేమకథ అందంగా ఉందని అనుకోను. రెండు భిన్నమైన బతుకులు ఒకదాన్నొకటి నిలదీసుకునే హక్కును రాసుకున్న పత్రం అది, అందుకే అన్నాళ్లు నిలిచింది. కాగితం లేదు, సంతకం లేదు. మన దేశంలో వియ్యాన్ని మించిన దస్తావేజు లేదు కాబట్టి ఆ రూపంలో రాసుకున్నారు. చెంచులకు ఓబులేసు, అంటే అహోబిలం స్వామి, బావ. ఇంకా సూటిగా చెప్పాలంటే ఇల్లరికపుటల్లుడు, ఎందుకంటే పిల్లను తీసుకుని వైకుంఠానికి పోకుండా అత్తవారి కొండలోనే కాపురం పెట్టాడు. అహోబిలంలోని తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో అడవిలో బాగా లోపల ఉన్న పావన నరసింహం దగ్గర చెంచులక్ష్మిని ఆయన పక్కనే కొలుస్తారు. అత్తవారి కొండలో ఉన్న అల్లుడికి మర్యాదలు జరుగుతాయి, అయితే ఆ కొండ ఎవరిదన్న సంగతిని ఆయన మరచిపోయే వీలుండదు.

కనుమనాడు మొదలయ్యే పారువేట ఈ పత్రాన్ని ఏటా చదివి వినిపించే ఘట్టం. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదుడు పల్లకీలో బయలుదేరి, నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరతారు. తన పెళ్లికి రమ్మని స్వామే గడప గడపకూ పిలవడానికి వస్తున్నాడని ఆ ఊళ్లు చెప్పుకుంటాయి. గుళ్లో దేవుడు భక్తుల కోసం ఎదురుచూడడం లోకరీతి. ఇక్కడ పెళ్లికొడుకు పిలుపులకు తిరగాలి. అంతకన్నా గమనించాల్సింది బయలుదేరేటప్పుడు జరిగే సంగతి. చెంచులు విల్లెక్కుపెట్టి స్వామి పల్లకీ వైపు బాణాలు వేస్తారు. దేవుడి మీద బాణం వేయడం ఇంకెక్కడైనా అపచారమే. బావ మీద బామ్మర్ది వేస్తే సరసం. తెలుగిళ్లలో పెళ్లిళ్లప్పుడు వియ్యాలవారిని దెప్పుతూ పాడే పాటల్లో తిట్టుకు అనుమతి ఉన్నట్టే, ఇక్కడ బాణానికి అనుమతి ఉంది. కోపం ఉంటే అందులో బయటపెట్టొచ్చు, బంధం తెగదు. అడవివాళ్లకూ మైదానంవాళ్లకూ మధ్య ఎప్పుడూ ఏదో ఒక తగువు ఉండకపోదు. పశువుల మేత దగ్గర, చేను కాపలా దగ్గర, తేనె ధర దగ్గర, దారి దగ్గర తగువు వస్తూనే ఉంటుంది. దాన్ని వియ్యపు తగువుగా మార్చుకోవడంలో తెలివి ఉంది.

ఊళ్లవైపు నుంచి దీనికి ఉన్న సాక్ష్యం మన పేర్లలోనే దొరుకుతుంది. కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాల్లో ఓబుళరెడ్లు, ఓబులేసులు, ఓబులమ్మలు ఎంతమంది ఉన్నారో చెంచయ్యలు, చెంచమ్మలు, చెంచురెడ్లు, చెంచులక్ష్ములు అంతమంది కనబడేవారు. భూములున్న కులాలు, కోమట్లు, కమ్మర్లు అడవిలో ఉండే ఒక చిన్న జాతి పేరును తమ బిడ్డలకు పెట్టుకోవడం మామూలు సంగతి కాదు. మరే ఆదివాసీ తెగ పేరూ తెలుగు సంసారాల్లో ఇలా కలిసిపోయినట్టు నాకు తోచదు. చెంచులతో కలిసి భోంచేశారనో, నిజంగా పిల్లనిచ్చి పుచ్చుకున్నారనో దీనికి అర్థం కాదు. దేవుడి ద్వారా కలిసిన వరసను ఆ ఇళ్లు ఒప్పుకున్నాయని మాత్రం అర్థం.

ఇది ఒక్క అహోబిలం సంగతీ కాదు. కొమురవెల్లి మల్లన్నకు బలిజ ఇంటి మేడలమ్మ, గొల్ల ఇంటి కేతమ్మ ఇద్దరూ భార్యలు. శ్రీశైలం మల్లన్నను చెంచులు చెంచు మల్లయ్యంటారు, అల్లుడంటారు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు వెంకన్న గుడికి వచ్చి టెంకాయ కొడతారు, వెంకన్న భార్య బీబీ నాంచారి తమ ఆడపడుచు కాబట్టి. జర్మన్ పండితుడు గుంథర్ సోంథైమర్ దక్కన్ దేవుళ్లను పరిశీలించి ఈ తీరును వనానికీ క్షేత్రానికీ మధ్య సంబంధంగా వివరించాడు. ఒక భార్య నాగలి లోకం నుంచి, ఇంకో భార్య అడవి నుంచో మంద నుంచో. సవతుల కయ్యం ఈ కథల్లో తప్పనిసరి. లక్ష్మీదేవి చెంచితను దెప్పుతుంది, చెంచిత లక్ష్మిని దెప్పుతుంది, మధ్యలో స్వామి నలిగిపోతాడు. సమరసత అని మనం ఇప్పుడు సభల్లో మాట్లాడే మెత్తని సరుకు ఆ కయ్యంలో లేదు. ఇద్దరికీ నోరుంది, ఇద్దరికీ ఇంట్లో చోటుంది. అంతవరకే ఆ కథల హామీ.

వరస ఉత్తి మాటల్లోనే ఉందా, బతుకులోకి దిగిందా అన్నది చూడాలి. నల్లమలకు దారులు వేయడం కొత్తగా మొదలైన పని కాదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. విజయనగర రాజులు మండపాలు, కోనేర్లు ఇచ్చారు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, శ్రీశైలం చూసుకునే వెళ్లాడు. కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసే కాలమది. నవాబుకు పన్ను కట్టినా అడవి దాటించేది చెంచులే. శివరాత్రికి కాలినడకన పోయే జనానికి దారి చూపడం, దొంగల నుంచీ మృగాల నుంచీ కాపాడడం వాళ్ల పని, దానికి ప్రతిఫలంగా రుసుము పుచ్చుకోవడం వాళ్ల హక్కు. శ్రీశైలంలో రథం లాగడంలోనూ వాళ్లకు మర్యాద ఉండేది. అల్లుడి చుట్టాలు వస్తున్నారు, దారి మాది, ఖర్చు మీది అన్నట్టు సాగిన వ్యవహారం. రాజులు మారారు, మతాలు మారాయి, పన్నులు మారాయి, ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో నిలిచింది. అడవిలోకి మెట్లు వచ్చినా, మండపాలు వచ్చినా, వేలమంది జనం వచ్చినా చెంచు పరాయివాడు కాలేదు. అభివృద్ధి అనే మాట అప్పుడు లేదు గానీ పని ఉంది, ఆ పనిలో ఆడపిల్లవారికి చోటుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు. ఈ పెళ్లి కథ గెలిచినవాళ్లు రాసుకున్నదే కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. చెంచుల సొంత దేవుడెవరో ఉండేవాడు, అతన్ని నరసింహుడిగా మార్చారు. పిల్లను లక్ష్మిగా మార్చారు. గుడి తాళాలు మఠం చేతికి వెళ్లాయి. బామ్మర్దులకు బయట బాణం వేసే మర్యాద, లోపల పూజ చేసే హక్కు వేరేవారికి. పెళ్లి పేరుతో ఆక్రమణ జరిగిందన్న ఈ వాదనలో పస లేకపోలేదు. వాసంతికగా మారిన చెంచితను చూస్తే ఆ అనుమానం బలపడుతుంది కూడా. గుళ్లో అధికారం సమంగా లేదన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే గెలిచినవాడు ఓడినవాణ్ణి కథలో ఏ వరసలో పెట్టుకున్నాడన్నది చిన్న విషయం కాదు. బంటుగా పెట్టుకోవచ్చు, రాక్షసుడిగా పెట్టుకోవచ్చు, మన పురాణాల్లో రెండూ బోలెడు. మామగా పెట్టుకున్నప్పుడు ఒక బాకీ నెత్తికెత్తుకున్నట్టే. అల్లుడు అత్తవారిని నిర్లక్ష్యం చేస్తే అడిగే నోరు వాళ్లకు ఉంటుంది, అడిగితే విన్న జనం తలూపుతారు. సమానత్వం లేనిచోట కూడా జవాబుదారీ ఉండొచ్చని ఈ కథ చూపిస్తుంది. తర్వాత వచ్చిన ఏర్పాట్లలో సమానత్వం కాగితం మీద పెరిగింది, జవాబుదారీ మాత్రం ఆవిరైపోయింది. నా ఫిర్యాదు దాని గురించే.

ఆవిరవడం ఒక్కరోజులో జరగలేదు. 1839లో కర్నూలు నవాబు పాలన ముగిశాక నల్లమల దక్షిణ భాగం కుంపిణీ చేతికి వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. కొండకు యజమాని మామ నుంచి శాఖగా మారాడు. కృష్ణకు ఉత్తరాన నిజాం ఏలుబడిలోని అమ్రాబాద్ పీఠభూమి మీద మార్పు కాస్త నెమ్మదిగా వచ్చింది. 1940లో అక్కడ చెంచుల మధ్య ఉండి పరిశోధించిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం ప్రచురించాడు. చెంచుల పల్లెను అక్కడ పెంట అంటారు. ఒక్కో పెంటకు ఎక్కడిదాకా తిరిగే హక్కుందో, వేటలో వాటా ఎలా పంచుతారో, అడవి దేవత గారెల మైసమ్మకు ముందు ముద్ద ఎందుకు పెడతారో, ఆడపిల్ల తనకు నచ్చినవాణ్ణి ఎంచుకునే చొరవ ఎంతుందో ఆ పుస్తకంలో ఉంది. చెంచుల కోసం కొంత అడవిని ప్రత్యేకించాలన్న ఆయన సలహాను నిజాం ప్రభుత్వం మన్నించింది కూడా. మంచి ఉద్దేశమే. ఆ మంచి ఉద్దేశంలో చెంచు రక్షించదగిన జాతి అయ్యాడు, అడిగి పెట్టించుకునే బంధువు మాత్రం కాలేదు. 1978లో శ్రీశైలం, నాగార్జునసాగర్ అడవి అభయారణ్యమైంది. 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. 3,568 చదరపు కిలోమీటర్లతో అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద పులుల అడవి అది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. పులికీ చెంచుకూ తరతరాల పరిచయం ఉంది, వాళ్ల మధ్యకు దరఖాస్తు ఫారం కొత్తగా వచ్చింది. ఇప్పుడు చెంచు ఒక చోట అతి బలహీన గిరిజన తెగ, ఒక చోట లబ్ధిదారు, ఇంకో చోట ఆక్రమణదారు. బావా అని పిలవడానికి వీలున్న మనిషి ఈ పదాల అవతల ఎవరూ లేరు.

ఇదే కాలంలో కృష్ణ మీద ఆనకట్ట లేచింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్తు. ఆ నీళ్లు తెలుగుగంగగా చెన్నై దాకా వెళ్తున్నాయి. దీన్ని తీసిపారేయడం తేలిక కాదు, నేను తీసిపారేయను. కరువు నేల మీద నీటి విలువ తెలియనివాళ్లే ఆనకట్టల్ని వట్టి పాపాలుగా చూడగలరు. కానీ 1980ల తొలినాళ్లలో జలాశయం నిండుతున్నప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు నూరు ఊళ్లు, లక్షకు పైగా జనం లేచిపోవాల్సి వచ్చిన తీరు చూడాలి. వీళ్లలో ఎక్కువమంది చెంచులు కారు, నదీతీరపు రైతులు, అంటే కథలో మగపెళ్లివారు. పాత ఏర్పాటులో అడవి ఎదుట ఊరు బలమైనదిగా ఉండేది. కొత్త ఏర్పాటు ఎదుట ఊరూ అడవీ ఒక్కటే అయ్యాయి, రెంటినీ ఎవరూ ఏ వరస పెట్టీ పిలవలేదు. ఇంటికో ఉద్యోగమని 1986లో వచ్చిన 98 జీవోను పట్టుకుని ముంపు కుటుంబాల రెండో తరం ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ జీవో నంబరు ఇంటిపేరంత మామూలు మాటైంది. సంగమేశ్వరం దగ్గరి కూడలి గుడిని రాయి రాయీ విప్పి అలంపురానికి తీసుకెళ్లి మళ్లీ కట్టారు. గుడిని మోసుకెళ్లడానికి మనకు నైపుణ్యం ఉంది. ఆ గుడికి ఏ ఊరి బండి ముందు రావాలి, ఏ ఇంటి పిల్ల దీపం పెట్టాలి అన్న వరసలను మోసుకెళ్లడానికి నైపుణ్యం లేదు.

2019లో అమ్రాబాద్ మీద యురేనియం మాట వచ్చినప్పుడు తగువు ఊళ్లలోకే వచ్చింది. అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకోవడంతో పదర, అమ్రాబాద్ మండలాల పల్లెలు కదిలాయి. చెంచులూ, లంబాడీలూ, రైతులూ, పట్నంలో ఉన్న సినిమావాళ్లూ ఒక్క గొంతయ్యారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇందులో జానపదానికి ఏం పని, జనం భయపడింది రేడియేషన్‌కూ కృష్ణ నీళ్లు చెడిపోతాయనే సంగతికీ గదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. ఓబులేసును తలుచుకుని శాసనసభ తీర్మానించలేదు. హైదరాబాదు నల్లాల్లోకి కృష్ణ నీళ్లు వస్తున్నాయన్న స్పృహ ఆ ఐక్యతలో పెద్ద పాత్రే పోషించింది. అయితే ప్రమాదం ఎంతన్న లెక్క నిపుణులు మార్చగలరు. ఇంత లోతున, ఇంత జాగ్రత్తగా, ఇంత దూరంగా అని రేపు కొత్త లెక్క రావచ్చు. అప్పుడు భయం మీద నిలిచిన అభ్యంతరం కూలిపోతుంది. వరస మీద నిలిచిన అభ్యంతరానికి ఆ బలహీనత లేదు. మా ఆడపడుచు ఇంటి కొండ ఇది, మమ్మల్ని అడక్కుండా గునపం దించడానికి నువ్వెవరు అన్న ప్రశ్నకు భూగర్భ శాస్త్రంలో సమాధానం ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ అనుమతి అనే మాట అచ్చంగా ఆ ప్రశ్నకే చట్టం ఇచ్చిన పొడి రూపం. చట్టం మంచిదే, అవసరమే. దానికి ఏటా కనుమనాడు గుర్తుచేసే పల్లకీ లేదు, అంతే.

మిగిలినది పేదరికం గురించిన అభ్యంతరం, అన్నిటికన్నా సూటైనది. ఆ పాత బతుకును ఇంత ముచ్చటగా చెప్పడం కడుపు నిండినవాళ్ల పని అంటారు. మలేరియా, పాముకాటు, కాన్పులో పోయిన తల్లులు, ఎండాకాలం గడ్డలు దొరక్క పస్తులు, తేనెకు దొంగ తూకంతో ఉప్పు ఇచ్చిన షావుకార్లు, ఇవన్నీ ఆ బతుకులోనివే. గిరిజన సహకార సంస్థ వచ్చి తేనెకూ జిగురుకూ ధర కట్టడం వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. చెంచు కుర్రవాడికి బండి కావాలి, ఫోను సిగ్నల్ కావాలి, అంబులెన్సు వచ్చే రోడ్డు కావాలి. అప్పాపూర్ పెంటలోనో సార్లపల్లిలోనో పుట్టినందుకు వాడు మన జ్ఞాపకాల కోసం విల్లు పట్టుకుని నిలబడాల్సిన పని లేదు. ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. ఒక్క పొరపాటు మాత్రం సరిదిద్దాలి. పెళ్లి కథ అడవిని ఉన్నచోటే ఉంచాలని ఎన్నడూ చెప్పలేదు. స్వామి గడ్డ తవ్వడం నేర్చుకున్నాడు, చెంచిత దేవేరి అయింది, మారడం ఇద్దరి వంతూ అయింది. అభివృద్ధి పేరుతో మనం చేసిన ఏర్పాటులో మారే వంతు ఒక్కరిదే. రోడ్డు వేసే ఇంజనీరు తేనె తీయడం నేర్చుకోవాలని ఎవరూ కోరరు గానీ, ఏ బండ కింద పెద్ద తేనె పడుతుందో అడిగి తెలుసుకుని రోడ్డును ఆ పక్కకు తిప్పడం పాత మామ పెట్టిన పరీక్షలో మొదటి మెట్టు. ఆ పరీక్షే పెట్టకుండా పిల్లను అడిగినట్టుంది మన ప్రణాళికల తీరు. పెంటల్ని బయటికి తరలించే బేరంలోనూ అంతే. ఒక్కో కుటుంబానికి ఇంత డబ్బు, ఇంత భూమి అంటారు. పది కుటుంబాలు విడివిడిగా ఒప్పుకోవచ్చు కూడా. తాడు కిందివాడు ఒక పునరావాస కాలనీలోకి, తాడు పైవాడు ఇంకో కాలనీలోకి పోతే తేనె ఎవరు తీస్తారన్న గడి ఆ ఫారంలో ఉండదు.

పారువేట ఇప్పటికీ జరుగుతోంది, యునెస్కో గుర్తింపు కోసం ప్రయత్నాలూ జరిగాయి, పల్లకీ వెంట కెమెరాలు పెరిగాయి. బాణం వేసే చెంచు ఫొటోల్లో బాగా పడతాడు. చెంచయ్య, చెంచమ్మ అన్న పేర్లు తాతల తరంతో పల్చబడ్డాయి. పిల్లలకు పెట్టే పేర్లలో ఆ వరస వినబడడం అరుదు. ఇటు అమ్రాబాద్ వైపు, లోయ లోపల జలపాతం పక్కన సలేశ్వరంలో లింగమయ్యకు చెంచులే పూజారులు. చైత్ర పౌర్ణమి చుట్టూ జాతర. వేలమంది పట్నం జనం బండలు దిగి, నీళ్లలో తడిసి, ‘వస్తున్నాం లింగమయ్యా’ అని అరుచుకుంటూ వెళ్తారు. ఈ ఏడు ఎన్ని రోజులు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎన్ని బండ్లు అన్నది అటవీశాఖ నిర్ణయిస్తుంది. పులులున్న అడవిలో ఆ అదుపు అక్కర్లేదని అనలేం. పండక్కి నాలుగు రోజుల ముందు ఫరహాబాద్ చెక్‌పోస్టు దగ్గర, అల్లుడి చుట్టాలను ఎప్పుడు లోపలికి రానిస్తారో కనుక్కోవడానికి ఆడపిల్లవారు నిలబడి ఉంటారు.